మనిషిని లెక్కలోకి తెచ్చిన మహబూబుల్ హఖ్

దాదాపు ప్రతి ఏడాదీ పేపర్లలో, టీవీల్లో ఒక వార్త వస్తుంది. మానవాభివృద్ధి సూచీలో మన దేశం ఎన్నో స్థానంలో ఉంది, శ్రీలంక ఎక్కడుంది, బంగ్లాదేశ్ ఎక్కడుంది అని. ఒకసారి చూసి, తల ఊపి, పేజీ తిప్పేస్తాం. ఆ జాబితాను మొదలుపెట్టిన మనిషి ఎవరో మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు డాక్టర్ మహబూబుల్ హఖ్. దేశం బాగుపడిందా లేదా అని తెలుసుకోవాలంటే ఖజానాలోకి చూస్తే చాలదు, ఇళ్లలోకి చూడాలని ప్రపంచానికి నచ్చజెప్పిన ఆర్థికవేత్త ఆయన. అంతకంటే అరుదైన పని ఇంకొకటి కూడా చేశారు. తాను నమ్మి, తన చేతులతో తయారు చేసిన ప్రణాళిక పేదవాడికి అన్నం పెట్టలేదని, ప్రభుత్వ పదవిలో ఉండగానే నలుగురిలో ఒప్పుకున్నారు.

శరణార్థి కుర్రాడు

హఖ్ 1934లో పుట్టారు. పుట్టిన చోటు ఇప్పటి సరిహద్దుకు ఇటువైపే ఉంది. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఆయన వయసు పదమూడేళ్లు. లక్షలాది కుటుంబాల్లాగే ఆయన కుటుంబం కూడా ఉన్న ఊరు వదిలి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లాహోర్ వైపు వెళ్లింది. ఇల్లు, ఊరు, భద్రత అన్నీ రాత్రికి రాత్రే పోవడం అంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదువు బాగా సాగింది. అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి యూనివర్సిటీలో కింగ్స్ కాలేజీకి వెళ్లారు. 1953 అక్టోబరులో, జోన్ రాబిన్సన్ అనే పేరున్న ఆర్థికవేత్త క్లాసుకు ఆలస్యమవుతోందని వీధిలో గబగబా నడుస్తుంటే, అదే క్లాసుకు పరుగెడుతున్న మరో కుర్రాడు పరిచయమయ్యాడు. అతను ఢాకా, శాంతినికేతన్‌లలో పెరిగిన బెంగాలీ విద్యార్థి అమర్త్య సేన్. ఒకరు పాకిస్తాన్ నుంచి, ఒకరు హిందుస్తాన్ నుంచి. దేశాలు విడిపోయి ఆరేళ్లే అయింది. ఆ రోజు మొదలైన దోస్తీ హఖ్ చనిపోయేదాకా, 45 ఏళ్లు నిలిచింది. ప్రపంచం పేదరికాన్ని చూసే తీరు మారడంలో ఆ స్నేహానిది పెద్ద భాగం.

కేంబ్రిడ్జి తర్వాత అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేశారు. బయటి దేశాల్లోనే స్థిరపడే వీలున్నా 1957లో పాకిస్తాన్ వచ్చి ప్రణాళికా సంఘంలో చేరారు. తర్వాత దానికి ప్రధాన ఆర్థికవేత్త కూడా అయ్యారు.

22 కుటుంబాల లెక్క

ఆ రోజుల్లో కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలన్నిటిదీ ఒకటే ఆలోచన. ముందు ఫ్యాక్టరీలు రావాలి, ఉత్పత్తి పెరగాలి, సంపద పోగవ్వాలి. పంచుకోవడం సంగతి తర్వాత చూసుకోవచ్చు. పైన నిండితే కిందికి తనంతట తానే కారుతుందని అనుకునేవారు. యువకుడిగా హఖ్ కూడా ఇదే నమ్మారు. 1963లో పాకిస్తాన్ ప్రణాళికల మీద రాసిన పుస్తకంలో, పేద దేశం మొదట ఎదగాలంటే కొంత అసమానతను భరించక తప్పదని వాదించారు.

అంకెలు ఆయన మాటను నిలబెట్టినట్టే కనిపించాయి. ఆయూబ్ ఖాన్ పాలనలో పాకిస్తాన్ ఆర్థిక వ్యవస్థ ఏటా 5 శాతానికి పైగా పెరిగింది. విదేశీ నిపుణులు వచ్చి మెచ్చుకుని వెళ్లారు. 1968లో ప్రభుత్వం అభివృద్ధి దశాబ్దం పేరుతో సంబరాలు కూడా మొదలుపెట్టింది.

సరిగ్గా అదే ఏడాది హఖ్ కరాచీలో ఒక ప్రసంగం చేశారు. దేశంలోని పరిశ్రమల్లో మూడింట రెండు వంతులు, బ్యాంకులు, బీమా కంపెనీల్లో అత్యధిక భాగం కేవలం 22 ఖాందాన్‌ల చేతుల్లో ఉన్నాయని లెక్కతో సహా బయటపెట్టారు. ఫ్యాక్టరీలు పెరిగినా కూలీ సంపాదన ధరలను అందుకోలేకపోయింది. తూర్పు పాకిస్తాన్‌కు, పశ్చిమ పాకిస్తాన్‌కు మధ్య తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది. అంటే దేశం ఎదిగింది, జనం అక్కడే ఉండిపోయారు.

ఈ మాట ప్రతిపక్ష నాయకుడు అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అన్నది సర్కారు సొంత ఆర్థికవేత్త. ఆ ప్రణాళికలు తయారు చేసిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. 22 కుటుంబాలు అన్న మాట వీధుల్లోకి వెళ్లి నినాదమైంది. మరుసటి ఏడాది జనం ఆందోళనల మధ్య ఆయూబ్ ఖాన్ గద్దె దిగారు. 1971లో తూర్పు పాకిస్తాన్ విడిపోయి బంగ్లాదేశ్ అయింది. దానికి కారణాలు చాలానే ఉన్నాయి. అయితే రెండు ప్రాంతాల మధ్య పెరిగిన ఆర్థిక తేడా వాటిలో చిన్నదేమీ కాదు.

ప్రపంచ బ్యాంకులో పేదవాడి మాట

1970లో హఖ్ వాషింగ్టన్ వెళ్లి ప్రపంచ బ్యాంకులో చేరారు. అక్కడ విధానాల ప్రణాళికా విభాగానికి డైరెక్టర్‌గా, అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారాకు దగ్గరి సలహాదారుగా పని చేశారు. అప్పటిదాకా డ్యాములు, రోడ్లు, కరెంటు ప్లాంట్లకే ఎక్కువగా అప్పులిచ్చిన బ్యాంకు, చిన్న రైతు, తాగునీరు, బడి, వైద్యం గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది ఆ కాలంలోనే. ఆ మార్పు వెనుక ఉన్నవాళ్లలో హఖ్ ముఖ్యులు.

1976లో ఆయన రాసిన 'ది పావర్టీ కర్టెన్' పుస్తకం వచ్చింది. అందులో ఆయన ముందుగా తన తప్పునే ముందు పెట్టారు. జాతీయాదాయం పెరిగితే పేదరికం దానికదే పోతుందనుకోవడం పొరపాటని, పేదరికం మీద నేరుగా దాడి చేయాలని వాదించారు. తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం మనిషికి అందాయా లేదా అన్నది మొదట చూడాలి, ఆదాయం లెక్క ఆ తర్వాత. ఇదీ ఆయన వరస.

కుర్చీలో కూర్చున్నప్పుడు

1982లో ఆయన మళ్లీ పాకిస్తాన్ వచ్చారు. అప్పుడు దేశం జనరల్ జియా ఉల్ హఖ్ సైనిక పాలనలో ఉంది. ప్రణాళికా శాఖ, తర్వాత 1985లో ఆర్థిక శాఖ ఆయన చేతికి వచ్చాయి. పేదల గురించి అంత మాట్లాడిన మనిషి నియంత ప్రభుత్వంలో ఎందుకు చేరారని విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. లోపల ఉంటేనే కొంతైనా మార్చగలమన్నది ఒక దారి. బయట ఉండి పోరాడాలన్నది ఇంకో దారి. ఆయన మొదటిది ఎంచుకున్నారు. దాని ఖరీదు కూడా చెల్లించారు.

ఒక్క ఉదాహరణ చాలు. 1981 జనాభా లెక్కల ప్రకారం పాకిస్తాన్‌లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 26 మందే. ఈ పరిస్థితి మార్చడానికి 1985లో దిగుమతుల మీద 5 శాతం ప్రత్యేక సుంకం వేశారు. దానికి పెట్టిన పేరు ఇఖ్రా సర్‌చార్జి. ఇఖ్రా అంటే చదువు అని అర్థం. ఖురాన్‌లో మొట్టమొదట దిగిన మాట అదేనని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సుంకం వసూలైంది. కానీ ఆ సొమ్ము మామూలు ఖజానాలో కలిసిపోయింది. బడులకు చేరవలసినంత చేరలేదు. మంచి పేరు పెట్టి పన్ను వేయడం సులువు. ఆ పైసను బడి గుమ్మం దాకా తీసుకెళ్లడం కష్టం. ఆర్థిక మంత్రిగా కూర్చున్న మనిషికే అది కుదరలేదు.

ఒక్క అంకె కథ

1989లో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే యూఎన్‌డీపీ, హఖ్‌ను సలహాదారుగా పిలిచింది. ఏటా ఒక నివేదిక తెస్తానని, అందులో ఏం రాయాలో ఏ ప్రభుత్వమూ చెప్పకూడదని ఆయన కోరారు. సంస్థ అధిపతి విలియం డ్రేపర్ ఆ స్వేచ్ఛ ఇచ్చారు. హఖ్ పాత దోస్త్ అమర్త్య సేన్‌తో పాటు పాల్ స్ట్రీటెన్, ఫ్రాన్సెస్ స్టీవార్ట్, మేఘనాద్ దేశాయ్ వంటివాళ్లను కూడగట్టారు.

అప్పటికి దేశాలను కొలిచే త్రాసు ఒక్కటే, తలసరి ఆదాయం. దానిలో లోపం ఏమిటో ఇలా చూద్దాం. ఒక వీధిలో పది ఇళ్లున్నాయి. ఒక ఇంటికి పది లక్షలు వచ్చాయి, మిగతా తొమ్మిది ఇళ్లకు పైసా రాలేదు. సగటు తీస్తే ఇంటికి లక్ష. కాగితం మీద వీధంతా లక్షాధికారులే. ఇంకో ఇంట్లో బిడ్డకు జబ్బు చేసి, అప్పు తెచ్చి ఆసుపత్రికి కట్టారనుకోండి. ఆ బిల్లు కూడా జాతీయాదాయంలో పెరుగుదలగానే కనిపిస్తుంది.

దీనికి పోటీగా హఖ్ ఒక కొత్త త్రాసు కావాలన్నారు. అందులో మూడు సంగతులే ఉంటాయి. మనిషి సగటున ఎన్నేళ్లు బతుకుతున్నాడు, చదువు ఎంత ఉంది, గౌరవంగా బతకడానికి సరిపడా ఆదాయం ఉందా. మూడిటినీ సున్నా నుంచి ఒకటి మధ్య కొలతకు తెచ్చి సగటు తీస్తే ఒక్క అంకె వస్తుంది. ఆదాయం కొంత స్థాయి దాటాక, పైన పడే ప్రతి రూపాయికీ విలువ తగ్గించి లెక్కపెడతారు. ఆకలితో ఉన్నవాడికి వంద రూపాయలు చేసే మేలు, కోటీశ్వరుడికి చేయదు కదా.

అమర్త్య సేన్‌కు ఇది మొదట నచ్చలేదు. మనిషి బతుకును ఒక్క అంకెలో ఇరికించడం మోటు పని అన్నది ఆయన అభ్యంతరం. హఖ్ ఆ మోటుతనాన్ని కాదనలేదు. తలసరి ఆదాయం కూడా అంతే మోటు, అందుకే అది అందరి నోళ్లలో ఉంది. దాన్ని పక్కకు జరపాలంటే అంతే సులువైన ఇంకో అంకె కావాలి, కాకపోతే అది మనిషి బతుకు పట్ల గుడ్డిది కాకూడదన్నది ఆయన వాదన. సేన్ ఒప్పుకుని, ఆ సూచీని తయారు చేయడానికి సాయపడ్డారు. హఖ్ అన్నదే నిజమైందని తర్వాత ఆయనే అంగీకరించారు.

1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక వచ్చింది. అందులో 130 దేశాల పట్టిక ఉంది. శ్రీలంకలో తలసరి ఆదాయం 400 డాలర్లే అయినా మనిషి సగటున 71 ఏళ్లు బతుకుతున్నాడు, వయోజనుల్లో నూటికి 87 మందికి చదువు వచ్చు. బ్రెజిల్‌లో ఆదాయం 2,020 డాలర్లు, ఆయుష్షు 65 ఏళ్లు. సౌదీ అరేబియాలో ఆదాయం 6,200 డాలర్లు, అయినా ఆయుష్షు 64 ఏళ్లే, అక్షరాస్యత 55 శాతం. డబ్బు ఉండటం వేరు, అది జనం బతుకులోకి రావడం వేరని మూడు వరుసల్లో తేలిపోయింది.

నివేదికలు చాలామంది పాలకులకు మింగుడు పడలేదు. 1991లో దేశాల్లో ఉన్న స్వేచ్ఛను కూడా కొలిచి పట్టిక వేస్తే ప్రభుత్వాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, ఆ కొలతను వదులుకోవలసి వచ్చింది. అయినా హఖ్ వెనక్కి తగ్గలేదు. 1994 నివేదిక, భద్రత అంటే సరిహద్దుకే కాదు మనిషికి కూడా ఉండాలని చెప్పింది. భారత్ రష్యా నుంచి 20 మిగ్-29 యుద్ధ విమానాలకు పెట్టే ఖర్చుతో, బడికి దూరంగా ఉన్న కోటిన్నర మంది ఆడపిల్లలకు ప్రాథమిక విద్య ఇవ్వొచ్చని లెక్క చూపింది. తన సొంత దేశాన్నీ ఆయన వదల్లేదు. పాకిస్తాన్ ఫ్రాన్స్ నుంచి కొనే మిరాజ్ విమానాల ఖర్చుతో, మంచినీళ్లు లేని ఐదున్నర కోట్ల మందికి రెండేళ్లు నీళ్లివ్వొచ్చని పక్కనే రాశారు.

1995 నివేదిక ఆడవాళ్ల మీద వచ్చింది. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ, పొలం పని ఇవేవీ జాతీయాదాయంలో కనిపించవు. ప్రపంచంలో ఇలా లెక్కకు రాని పని విలువ ఏడాదికి 16 లక్షల కోట్ల డాలర్లని, అందులో 11 లక్షల కోట్లు ఆడవాళ్ల చెమటేనని ఆ నివేదిక అంచనా వేసింది. పొద్దున్నే లేచి అందరూ పడుకున్నాక పడుకునే తల్లిని, ఏ పనీ చేయదు అని కాగితాల్లో రాసే అలవాటుకు అది గట్టి జవాబు.

ఆఖరి రోజులు

1995 చివర్లో యూఎన్‌డీపీ వదిలి, భార్య ఖదీజా హఖ్‌తో కలిసి ఇస్లామాబాద్‌లో మానవాభివృద్ధి కేంద్రం స్థాపించారు. ఖదీజా కూడా ఆర్థికవేత్తే. 1997లో దక్షిణాసియా మీద మొదటి నివేదిక తెచ్చారు. ఇరుగుపొరుగు దేశాలు ఆయుధాల పోటీలో పడి పిల్లల బడులను మరిచిపోతున్నాయన్నది అందులోని బాధ. 1998 మే నెలలో భారత్, పాకిస్తాన్ రెండూ అణు పరీక్షలు చేశాయి. రెండు నెలల తర్వాత, జూలై 16న న్యూయార్క్‌లో హఖ్ కన్నుమూశారు. వయసు 64. అదే ఏడాది అక్టోబరులో అమర్త్య సేన్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఆయన మొదలుపెట్టిన లెక్క సరిహద్దులు దాటింది. మన దేశంలో 1995లో మధ్యప్రదేశ్ మొదటి రాష్ట్ర స్థాయి నివేదిక తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నివేదికను 2007లో హైదరాబాద్‌లోని సెస్ సంస్థ తయారు చేసింది. ఏ జిల్లా ఎక్కడ వెనకబడిందో, ఎక్కడ ఆడపిల్ల చదువు ఆగిపోతోందో చూపించే పట్టికలన్నిటి వెనుక ఆ కేంబ్రిడ్జి దోస్తుల ఆలోచన ఉంది.

హఖ్ జీవితంలో తప్పులు లేవని ఎవరూ అనరు. ఆయన కూడా అనలేదు. ముప్పై ఏళ్ల లోపు తాను రాసిన సిద్ధాంతాన్ని ముప్పై నాలుగేళ్లకు తానే తిప్పికొట్టారు. మిగిలిన ముప్పై ఏళ్లూ ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగారు. దేశం సంపాదించింది సరే, ఆ ఇంట్లో బిడ్డ బతికిందా, బడికి వెళ్లిందా? ఈసారి పేపర్లో ఆ జాబితా కనిపించినప్పుడు మన దేశం నంబరు ఒక్కటే చూసి వదిలేయకండి. మన జిల్లా, మన బస్తీ, మన ఇంట్లో ఆడపిల్ల ఎన్నో తరగతిలో చదువు ఆపిందో కూడా ఒకసారి లెక్క చూసుకోండి. ఆయన అడిగింది ఆ లెక్కే.