పేరయ్య తొడుక్కున్న జోడు



మొన్నటి ఆదివారం మా పుత్తూరు సంఘంలో సండేస్కూలు పిల్లలు ఎఫెసీ పత్రిక ఆరవ అధ్యాయాన్ని ఆడి చూపించారు. అట్టముక్కతో మైమరువు, స్టీలు గిన్నెతో శిరస్త్రాణం, అన్నం పళ్లెంతో డాలు. ఖడ్గం కోసమైతే ఇద్దరు కొట్లాడుకున్నారు కూడా. జోడు మాత్రం ఎవరూ చేయలేదు. సర్వాంగ కవచం ధరించిన ఆ యోధుడు వట్టి కాళ్లతో నిలబడ్డాడు. వాడి చెప్పులు మందిరం గుమ్మం బయట ఉన్నాయి. నవ్వుకున్నాను గానీ, ఇన్నేళ్లుగా ప్రసంగపీఠం మీద నేను చేసిందీ అదే. ఖడ్గానికి అరగంట, జోడుకు ఒక్క వాక్యం.

రోమా సైనికుని తోలు చెప్పులకు అడుగున ఇనుప మేకులుండేవి. జారే నేల మీద కాలు నిలవాలి, రోజుల తరబడి నడవాలి. సంకెళ్లలో ఉన్న పౌలు ఆ చెప్పుల గురించి రాస్తూ యెషయా 52లోని పాదాలను, కొండల మీదుగా సమాధానవార్త మోసుకొచ్చే పాదాలను, తలచుకున్నాడు. యుద్ధసామగ్రి నడుమ సమాధానం అనే మాట రావడానికి కారణం అదే. మన పాత అనువాదకులు ఎంచుకున్న జోడు అనే మాట కూడా చక్కనిది. వెనకటి తెలుగులో చెప్పుల జతా జోడే, కవచమూ జోడే.

ఆ జోడును తొడుక్కుని నడిచిన మనిషి మన ఆంధ్రదేశంలోనే ఉన్నాడు. యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరగా తలకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. లందలో తోలు ఊరబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, ఊరందరికీ చెప్పులూ బావులకు తోలు బానలూ కుట్టిచ్చే జనం ఆయన జనం. చాలా పల్లెల్లో ఆ చెప్పులు కుట్టినవాడే పెద్దకులాల వీధిలోకి వస్తే తన చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. ఈ మాట దగ్గర ఆగకుండా ఆ ఎఫెసీ వచనాన్ని నేను ఇక చదవలేను.

పేరయ్య అంతకుముందే దేవుని వెదికినవాడు. యోగం నేర్పే గురువుల దగ్గర కూర్చున్నాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో మిషనరీ అలెగ్జాండర్ నోట సువార్త విన్నాడు. ఒంగోలుకు కూడా ఒక మిషనరీ రాబోతున్నాడని అక్కడే తెలిసింది. 1866లో జ్యూయెట్ గారు ఒంగోలు వచ్చినప్పుడు పేరయ్య, భార్య నాగమ్మ కాలినడకన అక్కడికి వెళ్లి బాప్తిస్మం పొందారు. తిరిగి వచ్చి ఊరకే కూర్చోలేదు. తోళ్ల కోసం తిరిగిన పల్లెలన్నీ ఆయనకు తెలిసినవే కదా. ఆ దారులనే సువార్తతో మళ్లీ తొక్కాడు.

1867 జనవరిలో జాన్ ఎవరెట్ క్లౌ గారు తలకొండపాడు వెళ్లేసరికి చింతతోపులో జనం కాచుకుని ఉన్నారు. తిండిగింజలు మూటగట్టుకుని, బాప్తిస్మం తరువాత మార్చుకోవడానికి బట్టలు కూడా వెంట తెచ్చుకున్నారు. కొన్ని రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ అడుగు పెట్టకముందే పేరయ్య చేసిన పని అది. మన చరిత్ర పుస్తకాల్లో క్లౌ గారి పేరు పెద్ద అక్షరాల్లోనూ పేరయ్య పేరు చిన్న అక్షరాల్లోనూ ఉండడం నాకు న్యాయమనిపించదు.

పోరాటం ఆ తరువాతే మొదలైంది. విశ్వాసులు ఆదివారం పని మానారు, చచ్చిన పశువుల మాంసం మానారు, ఊరి జాతరల్లో డప్పు కొట్టమన్నారు. ఊరిపెద్దలకు కోపం వచ్చింది. కొన్ని పల్లెల్లో వాళ్లకు గింజలు కొలవడం ఆపారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. అన్నం పెట్టే చేతినే కాదనవలసిన పరిస్థితి. వాళ్ల చేతిలో కర్ర కూడా లేదు. అయినా నిలిచారు. అపొస్తలుడు ఆ భాగంలో పదేపదే అడిగింది నిలబడమనే.

1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తెలుగు బోధకులే మేస్త్రీలు. కూలి కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు సాయం ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, దొర కాదు.

పేరయ్య తరం చెప్పిన కథలను క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా విని రాసుకుని, 1899లో ఇంగ్లీషులో పుస్తకంగా వేయించారు. దానికి ఆమె పెట్టిన పేరుకు అర్థం, చెప్పులు కుడుతూ ఉండగా అని.