చెరసాలలో చదువుకొన్న రాకుమారి – మేరీ థెరీస్

ఫ్రాన్సు దేశాన్ని ఏలిన పదహారవ లూయీకి, ఆస్ట్రియా రాచబిడ్డ మేరీ ఆంటొనెట్‌కు 1770లో, ఆయన యువరాజుగా ఉన్న కాలంలోనే వివాహమైంది. ఎనిమిదేండ్లపాటు వారికి సంతానం కలుగలేదు. 1778 డిసెంబరు 19వ తేదీన వెర్సాయ్ ప్రాసాదంలో తొలిచూలు ఆడశిశువు జన్మించింది. రాణి ప్రసవానికి దర్బారు జనులు సాక్షులుగా ఉండాలన్నది ఆనాటి అక్కడి వింత ఆచారం. క్రిక్కిరిసిన ఆ గదిలో ఊపిరాడక రాణి మూర్ఛపోయింది. ఫ్రాన్సులో ఆడపిల్లకు సింహాసనార్హత లేదు. మగబిడ్డ కోసం దేశమంతా నిరీక్షిస్తున్న వేళ పుట్టిన ఆ పాపకు అమ్మమ్మ పేరే పెట్టారు – మేరీ థెరీస్ షార్లొట్.

ఐశ్వర్యంలో పెరిగే బిడ్డకు గర్వం అంటకూడదని తల్లి ఆశించింది. ప్రాసాదంలో పనిచేసే ఒక పరిచారిక కుమార్తె ఎర్నెస్టీన్‌ను తోడుగా తెచ్చి, ఇద్దరినీ కలిపి పెంచింది. విలాసవతిగా చరిత్రకెక్కిన ఆ రాణి తల్లిగా మాత్రం వివేకవతి అనే చెప్పాలి.

తరువాత ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు కలిగారు. చెల్లెలు సోఫీ ఏడాదైనా నిండకుండా 1787లో మరణించింది. పెద్ద తమ్ముడు 1789 జూన్‌లో ఏడేండ్ల ప్రాయంలో కన్నుమూశాడు. మరునెలలో బాస్తీల్ కోట కూలింది. అక్టోబరులో జనసమూహం వెర్సాయ్‌పై విరుచుకుపడి రాజకుటుంబాన్ని పారిస్‌కు తరలించింది. 1791లో మారువేషాలతో పారిపోబోయి వారెన్ అనే ఊరిలో పట్టుబడ్డారు. 1792 ఆగస్టులో రాజు, రాణి, ఇద్దరు పిల్లలు, రాజు చెల్లెలు ఎలిజబెత్ – అయిదుగురూ టాంప్ల్ అనే పాత కోట బురుజులో బందీలయ్యారు.

ఆ బురుజే మేరీ థెరీస్‌కు పాఠశాల. తండ్రి కొడుకుకు భూగోళం బోధించేవాడు. తల్లి, మేనత్త కలిసి బాలికకు చదువు చెప్పేవారు. 1793 జనవరి 21న తండ్రికి శిరచ్ఛేదం జరిగింది. ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్య యుద్ధం మొదలై, పుదుచ్చేరి, యానాం ఆంగ్లేయుల వశమైంది కూడా ఆ యేడే. జులైలో ఎనిమిదేండ్ల తమ్ముణ్ణి తల్లి నుండి వేరుచేసి క్రింది అంతస్తులో ఉంచారు. పిల్లవాడు నడిచివెళ్ళేటప్పుడు ఒక చిన్న సందులోనుండి చూడడమే ఆ తల్లికి మిగిలిన సుఖం. ఆగస్టులో ఆమెనూ తీసుకుపోయారు. అక్టోబరు 16న ఆమెను వధించారు. కూతురికి ఆ వార్త ఎవరూ చెప్పలేదు.

ఇక మిగిలింది మేనత్త. అన్నను విడిచి విదేశానికి పోవడానికి నిరాకరించి, అవివాహితగా ఉండిపోయిన ఎలిజబెత్‌ను చరిత్రకారులు తగినంతగా స్మరించరు. ఒంటరితనం తప్పదని ఆమె ముందే గ్రహించిందేమో! తన పక్క తానే వేసుకోవడం, గది తానే ఊడ్చుకోవడం, క్షణమైనా ఊరక కూర్చోకుండా ఏదో పని కల్పించుకోవడం, గడియారం చూసుకొంటూ ఆ నాలుగు గోడల మధ్యనే వడివడిగా నడవడం – ఇవన్నీ మేనకోడలికి నేర్పింది. 1794 మే 9వ తేదీ రాత్రి ఎలిజబెత్‌నూ పిలుచుకుపోయారు. మరునాడే ముప్పైయేండ్ల ఆమె తల తెగిపడింది.

పదిహేనేండ్ల బాలిక ఒక సంవత్సరానికి పైగా ఒంటరిగా మిగిలింది. చదవడానికి కొన్ని ప్రార్థన గ్రంథాలు, యాత్రా గ్రంథాలు; చేతికి అల్లికపని. తల్లి ఏమైనదని అడిగితే కాపలావారు బదులు చెప్పేవారు కారు. మేనత్త నేర్పిన దినచర్యను మాత్రం ఆమె విడువలేదు. మాటలాడే మనిషి లేక ఆమె కంఠం బొంగురుపోయిందని, జీవితాంతం అట్లే నిలిచిందని చెబుతారు. 1795 జూన్ 8న తమ్ముడు పదేండ్లకే ఆ బురుజులోనే మరణించాడు. ఆ వేసవిలో తోడుగా నియమితురాలైన ఒక స్త్రీ ద్వారానే తల్లి, మేనత్త, తమ్ముడు – ముగ్గురి మరణాలూ ఆమెకు తెలిసివచ్చాయి.

పదిహేడవ పుట్టినరోజు ముందటి అర్ధరాత్రి ఆమెకు విడుదల లభించింది. ఆస్ట్రియాలో బందీలుగా ఉన్న ఫ్రెంచివారికి బదులుగా ఆమెను అప్పగించారు. ఆనాడు పారిపోతున్న రాజును గుర్తుపట్టి పట్టించిన ద్రువే కూడా అట్లు విముక్తి పొందినవారిలో ఒకడు కావడం విధివిలాసం. 1799లో పినతండ్రి కుమారుడు, అంగులేమ్ ప్రభువుతో వివాహమైంది. సంతానం కలుగలేదు.

1814లో ఆమె ఫ్రాన్సుకు తిరిగివచ్చింది. మరుసటి యేడు తల్లిదండ్రుల అవశేషాలకు సెయింట్ డెనీలో రాజోచిత సంస్కారం జరిగింది. అదే యేడు నెపోలియన్ మరల విజృంభించగా బోర్డో నగరంలో సైనికులను కూడగట్టడానికి ఆమె చేసిన సాహసాన్ని ఆ శత్రువే మెచ్చుకొన్నాడు. ప్రజలు మాత్రం ఆమెను నవ్వెరుగనిదని, కఠినురాలని తలచారు. ఆమె క్షమించలేకపోయిందన్నది నిజమే. చెరలో గడచిన బాల్యాన్ని తలచుకొన్నవారు ఆమెను తప్పుపట్టడానికి కొంత సంకోచిస్తారు.

1830 విప్లవంలో మామగారైన పదవ చార్లెస్ సింహాసనం త్యజించాడు. భర్త కూడా కొద్ది నిమిషాలకే హక్కు వదులుకొన్నాడు. ఆ నడుమ ఇరవై నిమిషాలు మాత్రం ఆమె ఫ్రాన్సుకు రాణి అని లెక్కిస్తారు. పిమ్మట ఎడింబరో, ప్రాగ్, గొరీజియా – అంతా ప్రవాసమే. హతుడైన మరిది పిల్లలిద్దరినీ దగ్గరుంచుకొని పెంచింది.

చనిపోయిన తమ్ముణ్ణి తానేనంటూ ఎందరో మోసగాండ్రు బయలుదేరారు. ఆమె వారిని దరిచేరనీయలేదు. ఆ బాలుని శవపరీక్ష నాడు వైద్యుడు దాచిన గుండెను 2000 సంవత్సరంలో శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షకు గురిచేసి, అది మేరీ ఆంటొనెట్ మాతృవంశానికి చెందినదేనని తేల్చారు. 2004 జూన్ 8న ఆ గుండెను తల్లిదండ్రులున్న సెయింట్ డెనీలోనే ఉంచారు.

మేరీ థెరీస్ 1851 అక్టోబరు 19న, తల్లి వర్ధంతి గడచిన మూడవనాడు, వియన్నా సమీపంలోని ఫ్రోస్‌డోర్ఫ్‌లో న్యుమోనియాతో మరణించింది. ఆమె సమాధి తనవారికి దూరంగా, నేటి స్లొవేనియాలోని కొస్తన్యెవిత్స మఠంలో, భర్త సమాధి చెంత ఉన్నది.