కార్మికుల బారిస్టరు వి.వి. గిరి గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక పెద్ద మనిషి జీవితం రాయమని కార్యదర్శి గారు నాకు పురమాయించారు. నేను కీర్తిశేషులు వరాహగిరి వెంకటగిరి గారిని ఎంచుకున్నాను. ఆయన రాష్ట్రపతిగా పనిచేశారని సభ్యులందరికీ తెలిసిందే. మనలో కొందరు నౌకరీలో చేరిన రోజుల్లో ఆఫీసు గోడ మీది పటం ఆయనదే. నేను మాత్రం సంగారెడ్డిలో కార్మిక శాఖ గుమాస్తాగా ఏళ్ల తరబడి నష్టపరిహారపు ఫైళ్లు నడిపినవాణ్ణి. అందుచేత నాకు ఆయన ముందుగా బారిస్టరు, ఆ తరువాతే రాష్ట్రపతి.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పటికి అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కొడుకు కూడా వకీలు కావాలని 1913లో ఐర్లండులోని డబ్లిను నగరానికి పంపించారు. ఆయన వెళ్లిన సమయం చూడండి. సరిగ్గా ఆ ఏడాదే డబ్లిన్‌లో యజమానులు సంఘంలో చేరిన కార్మికులకు తలుపులు మూసేశారు. వేలాది కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. పుస్తకాల్లోని న్యాయం ఒకటి, వీధిలో కనిపించేది ఇంకొకటి అని ఆ కుర్రవాడికి అక్కడే తెలిసి ఉంటుంది. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత, అక్కడి విప్లవకారులతో సంబంధం ఉందన్న అనుమానంతో దేశం విడిచి పొమ్మన్నారు. బారిస్టరు పట్టాతో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. నాలుగేళ్లు తిరక్కముందే, 1920లో, గాంధీగారి పిలుపు మీద ప్రాక్టీసు వదిలేశారు. ఆ తరువాత ఆయన కక్షిదార్లు రైలు కార్మికులే. బెంగాల్ నాగపూర్ రైల్వేలో సంఘం కట్టి, 1928లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా శాంతియుతంగా సమ్మె నడిపారు.

అంతకు ముందు ఏడు, 1927లో, జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల పక్షాన వెళ్లారు. ఆ ఏడాది సభ ముందున్న పెద్ద విషయం జబ్బు బీమా. కర్మాగారాల వారికి ఒకటి, వ్యవసాయ కూలీలకు ఒకటి, రెండు ఒడంబడికలు ఆ సభలోనే ఆమోదం పొందాయి. మన దేశంలో పని మీద దెబ్బ తగిలిన వాడికి అప్పటికి ఉన్న ఆధారం 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం. పరిహారానికి, బీమాకు ఉన్న తేడా కొంచెం చెప్పనివ్వండి. పరిహారం కావాలంటే అర్జీ పెట్టాలి. ఫలానా చోట పనిచేస్తున్నానని, పని మీద ఉండగానే దెబ్బ తగిలిందని, ఇంత జీతమని రుజువు చేయాలి. ఎదుటి పక్షాన యజమాని, ఆయన వెనక వకీలు. బీమా అయితే యజమానీ కార్మికుడూ ముందునుంచే చందా కడుతుంటారు, ఆపద వచ్చిన నాడు ఆ నిధి నుంచి డబ్బు వస్తుంది. ఒకరితో ఒకరు వాజ్యమాడే పని లేదు. మన దేశానికి ఆ పద్ధతి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1944లో అదార్కర్ నివేదిక, 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పథకం ప్రారంభం. మూడు నెలలు గడవకుండానే గిరి గారు కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

ఈ తేడా ఎంతటిదో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫైళ్లు చూసినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇ.ఎస్.ఐ.లో పేరున్న వాడి కుటుంబం మా దగ్గరకు వచ్చేది కాదు. కంట్రాక్టరు తెచ్చిన వాళ్ల కుటుంబాలే వచ్చేవి. ఒక ఫైలు ఇప్పటికీ గుర్తుంది. చనిపోయినవాడికి 25 ఏళ్లు, ఊరు ఒరిస్సాలో. మస్టరు రోల్‌లో అతని పేరే లేదని కర్మాగారం వారు రాసిచ్చారు. కంట్రాక్టరు అయిపు లేడు. బీమా కంపెనీ వకీలు జీతం చీటీ ఏదని అడిగాడు. భార్య చేతిలో ఉన్నది ఒక ఫొటో. నిజానికి అప్పటి చట్టంలో 12వ సెక్షన్ ఉండేది. కంట్రాక్టరు మనిషైనా అసలు యజమాని బాధ్యుడే. లెక్క కూడా చట్టంలోనే ఉంది. 1995 సవరణ తరువాత, నెల జీతంలో సగాన్ని వయసు అంకెతో హెచ్చవేయాలి. 25 ఏళ్లకు ఆ అంకె 216.91. అప్పట్లో జీతం ఎంత ఉన్నా 2,000 రూపాయలకు మించి లెక్కలోకి వచ్చేది కాదు. అంటే అన్నీ కలిసివస్తే 2,16,910 రూపాయలు. ఆ గుణకారం నాకు రెండు నిమిషాల పని. అక్కడికి చేరడానికి ఆమె ఎన్ని వాయిదాలు తిరిగిందో చెప్పలేను. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారని విన్నప్పుడు నాకు ముందు ఆ మస్టరు రోల్ సంగతే జ్ఞాపకం వచ్చింది. చనిపోయిన వారిలో చాలామంది ఒడిశా, బీహారు వైపు వారే.

మళ్లీ గిరి గారి దగ్గరకు వస్తాను. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. కేంద్రంలో ఆయన పట్టుదల ఒక్కటే. తగాదాలు ట్రిబ్యునళ్లకు పోకూడదు, రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. 1952 అక్టోబరులో నైనిటాల్ సభలో ఈ మాట మీదే పెద్ద చర్చ జరిగింది. ఒప్పుదల కుదరలేదు, ట్రిబ్యునళ్లు ఉండిపోయాయి. నాకు ఇక్కడ గిరి గారితో పేచీ ఉంది. ఎదురుగా కూర్చోవాలంటే ముందు సంఘం ఉండాలి. ఖరగ్‌పూర్‌లో ఆయన వెనక వేల మంది నిలబడ్డారు, పాశమైలారం కంట్రాక్టు కూలీ వెనక ఎవరున్నారు? అటువంటి వాడికి ఆలస్యమైనా కోర్టే దిక్కు. అయితే ఆయన హయాములోనే 1953లో వచ్చిన సవరణ మాత్రం ఎవరి బేరసారాల మీదా ఆధారపడలేదు. లే ఆఫ్ చేస్తే సగం జీతం, రిట్రెంచ్ చేస్తే సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం ఇవ్వాలని చట్టమే చెప్పింది. ఇక ట్రిబ్యునళ్లంటే గిట్టని ఈ మంత్రి, బ్యాంకు ఉద్యోగులకు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా ఇచ్చారు. ఇటువంటి రాజీనామాలు మనం ఎన్ని చూశాం?

కోర్టు బోను కూడా ఆయనకు కొత్త కాదు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో కొద్ది ఓట్లతో ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి అక్కడా ఓడారు. షెడ్యూల్డు తెగల అభ్యర్థి జనరల్ స్థానం కూడా గెలవవచ్చునని ఆ కేసులో 1959లో తేలింది. న్యాయంగా చూస్తే అది మంచి తీర్పే. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యాక ఆ ఎన్నిక మీదా పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి గారిని దూషిస్తూ పార్లమెంటు సెంట్రల్ హాలులో పంచిన ఊరూపేరూ లేని కరపత్రం ఆ కేసులో ముఖ్యాంశం. రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు రానక్కరలేదని చట్టంలో వెసులుబాటు ఉంది. గిరి గారు దాన్ని వాడుకోలేదు. 1970లో సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉండగా అలా వచ్చిన మొదటి రాష్ట్రపతి ఆయనే. చివరకు పిటిషన్లు కొట్టివేశారు. మా పేషీలో సాక్షిగా రావడానికి నామోషీ పడి మెడికల్ సర్టిఫికెట్లు పంపిన మేనేజర్లను చూసినప్పుడల్లా ఈ సంగతి జ్ఞాపకం వచ్చేది.

జనరల్ ఇన్సూరెన్సు ప్రభుత్వపరం అయిన ఆర్డినెన్సు, 1971 మే 13న, ఆయన సంతకంతోనే వెలువడింది. 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలు నాలుగుగా కూడాయి. బొంబాయి రోడ్డు మీద లారీ గుద్దిన కేసయినా, కర్మాగారం పాలసీ అయినా, ఆ రోజుల్లో సమన్లు వెళ్లేది ఆ నాలుగింటిలో ఒకదానికే. ఏ కంపెనీ మూతపడిందో వెతుక్కునే బాధ మాకు తప్పింది.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. దాన్ని నడిపిన అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య వ్యవస్థాపకుల్లో గిరి గారు ఒకరు. సమ్మెను అణచిన ప్రభుత్వానికి అధిపతీ ఆయనే. వేలమంది జైళ్లకు వెళ్లారు, మే 27న సమ్మె విరమించారు. ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది. మరుసటి ఏడు భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.