బొమ్మల వడ్రంగి – ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్

మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు నేడు ఎటు చూసినా కొత్త కట్టడాలే కనిపిస్తాయి. అక్కడ పనిచేసే తాపీ మేస్త్రీని కొంతసేపు గమనించండి. ఒక వరుస ఇటుకలు పేర్చి దానిపై రెండవ వరుస వేసేటప్పుడు సందు మీద సందు రాకుండా ప్రతి ఇటుకనూ సగం పక్కకు జరిపి పెడతాడు. గోడ బలం ఆ జరుపులోనే ఉంది. అవే భవనాలలో కుటుంబాలు కాపురముండే నాటికి పిల్లలు నేలపై కూర్చొని అదే సూత్రంతో బొమ్మ ఇటుకల ఇళ్ళు కడుతుంటారు. వారికి మేస్త్రీ నేర్పలేదు, ఇటుకే నేర్పింది. వేసవి సెలవులకూ పండుగలకూ దుకాణాలకు ఈ ఇటుకల కొత్త పెట్టెలు వస్తూనే ఉంటాయి. ఒక పెట్టెలో పందెపు కారు, మరొకదానిలో అంతరిక్ష నౌక, ఇంకొకదానిలో పూలగుత్తి. ధర చూచి తల్లిదండ్రులు వెనుకాడటం, పిల్లలు అక్కడే నిలబడిపోవడం అన్ని దుకాణాలలోనూ కనిపించే దృశ్యమే.

ఈ పెట్టెలపై కనిపించే లెగో అనే పేరు ఒక వడ్రంగి పెట్టినది. ఆయన డెన్మార్క్ దేశస్థుడైన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్. పిల్లల ఆటవస్తువు చేసినవాని చరిత్ర కళాశాల విద్యార్థులకెందుకని కొందరు అనుకోవచ్చు. కొండపల్లిలో, నిర్మల్‌లో, ఏటికొప్పాకలో తరతరాలుగా కొయ్యబొమ్మలు చేసే చేతులను ఎరిగిన మనకు ఆ సందేహం రాకూడదు.

ఓలే కిర్క్ 1891 ఏప్రిల్ 7న జట్లాండ్ ద్వీపకల్పంలోని ఫిల్‌స్కోవ్ అనే పల్లె సమీపాన ఒక పేద కుటుంబంలో జన్మించాడు. ఆ ఇంట సంతానం ఎక్కువ, ఆదాయం తక్కువ. సారంలేని నేల, ఎడతెగని గాలి. అందువల్ల బాల్యంలోనే పనిలో చేరక తప్పలేదు. పద్నాలుగవ ఏట అన్నగారి వద్ద వడ్రంగం నేర్చుకోవడానికి కుదిరాడు. చేతికి పని వచ్చిన తరువాత జర్మనీలోనూ నార్వేలోనూ కొన్నేళ్ళు పనిచేశాడు. నార్వేలోనే హాన్సీన్ క్రిస్టీన్‌తో పరిచయమైంది. 1916లో స్వదేశానికి తిరిగివచ్చి, కూడబెట్టిన సొమ్ముతో బిల్లుండ్ అనే చిన్న గ్రామంలో ఒక వడ్రంగి కార్ఖానాను కొన్నాడు. ఆ సంవత్సరమే ఆమెను వివాహమాడాడు. చుట్టుపక్కల రైతులకు ఇళ్ళు, తలుపులు, కిటికీలు, పెట్టెలు చేసిపెట్టడం ఆయన వృత్తి. నలుగురు కుమారులు కలిగారు.

ఆయన జీవితంలో అగ్ని తొలిసారి ప్రవేశించింది 1924లో. కార్ఖానాలో ఆడుకుంటున్న ఇద్దరు చిన్న కుమారుల వల్ల చిత్రిక పట్టిన పొట్టుకు నిప్పంటుకుంది. కార్ఖానాతో పాటు ఇల్లు కూడా భస్మమైంది. పిల్లలు క్షేమంగా బయటపడ్డారు. ఓలే కిర్క్ కృంగిపోలేదు సరికదా, మునుపటి కంటె పెద్ద ఇల్లు, పెద్ద కార్ఖానా కట్టించాడు. ఇది ధైర్యమో, లెక్క తెలియకపోవడమో చెప్పడం కష్టం. ఆయన డబ్బు విషయంలో ఎప్పుడూ జాగరూకుడు కాడు.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం రెండు మూడేళ్ళలో జట్లాండ్ రైతుల గడపలకు చేరింది. పంటకు ధర లేదు, ఇల్లు కట్టించేవాడు లేడు. వడ్రంగికి పని లేదు. పనివారిని ఒక్కొక్కరినే పంపివేయవలసి వచ్చింది. మిగిలిన కలపతో నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలు, వాటితో పాటు చిన్న చిన్న బొమ్మలు చేయసాగాడు. 1932లో ఈ మార్పు జరిగింది. ఆ ఏడే భార్య మరణించింది. ఆరేళ్ళ పసివాడు మొదలుకొని పదిహేనేళ్ళ బాలుని వరకు నలుగురు తల్లిలేని పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేని తండ్రి. బొమ్మలకు పెద్ద బేరమిచ్చిన ఒక టోకు వర్తకుడు సరకు అందుకోకముందే దివాలా తీశాడు. అపుడు ఓలే కిర్క్ తానే ఆ బొమ్మలను వెంటబెట్టుకొని అమ్మబోయాడు. డబ్బు లేనివారు తినుబండారాలు ఇచ్చి బొమ్మలు తీసుకున్నారు. అప్పుకు హామీ ఉండమని అడిగినపుడు తోబుట్టువులు, ఏదైనా పనికివచ్చే పని చేసుకోరాదా అని హితవు చెప్పారు. వారి మాటలో తప్పేమీ లేదు. ఆనాటి లెక్కలన్నీ వారి పక్షానే ఉన్నాయి. అయినా ఆయన బొమ్మలను విడిచిపెట్టలేదు.

1934లో సంస్థకు ఒక పేరు కావలసివచ్చింది. మంచి పేరు సూచించినవారికి ఇంట్లో చేసిన ద్రాక్షసారాయి ఒక సీసా బహుమతి అని పనివారికి పోటీ పెట్టాడు. చివరకు బహుమతి ఆయనకే దక్కింది. డేనిష్ భాషలో చక్కగా ఆడుకో అని అర్థమిచ్చే రెండు మాటలలోని తొలి అక్షరాలు కలిపి లెగో అన్నాడు. లాటిన్ భాషలో ఇదే రూపానికి ఏరి కూర్చుతాను, చదువుతాను అనే అర్థాలున్నాయని తరువాత ఎవరో గుర్తించారు. ఓలే కిర్క్‌కు లాటిన్‌తో పనిలేదు. ఈ యాదృచ్ఛికత మాత్రం భాషాభిమానులకు ముచ్చటగా ఉంటుంది. మన రచన అనే శబ్దానికీ అమర్చడం, కట్టడం అనేవే మూలార్థాలు. కవి చేసేదీ కూర్పే.

ఆ సంవత్సరమే ఆయన సోఫీ అనే స్త్రీని పునర్వివాహం చేసుకున్నాడు. ఆ కాలాన యోయో అనే బొమ్మకు గిరాకీ విపరీతమై, అంత వేగంగానూ పడిపోయింది. అమ్ముడుపోని యోయోలు గుట్టలుగా మిగిలాయి. వాటిని నిలువునా రెండుగా కోసి బొమ్మ బండ్లకు చక్రాలుగా బిగించాడు. కలపముక్కను వృథా చేయని వడ్రంగి బుద్ధి అది.

లాగితే నడిచే కొయ్య బాతు కూడా ఆ రోజులదే. ఈ బాతు గురించి ఒక ఉదంతం ఉంది. బాగా ఎండిన బీచ్ కలపతో చేసిన బాతుకు మూడు పూతల వార్నిష్ వేయడం ఆ కార్ఖానా నియమం. ఒకనాడు కుమారుడు గాట్‌ఫ్రెడ్ బాతుల పెట్టెను రైలుస్టేషనుకు చేర్చివచ్చి, ఈసారి రెండు పూతలతోనే సరిపెట్టి కొంత ఖర్చు మిగిల్చానని సంతోషంగా చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. తక్షణం స్టేషనుకు వెళ్ళి పెట్టె వెనక్కు తెచ్చి, ప్రతి బాతుకూ మూడవ పూత వేసి, తిరిగి కట్టి పంపవలసినదని ఆజ్ఞాపించాడు. ఎవరి సాయమూ తీసుకోరాదన్నాడు. బాలుడు ఆ రాత్రి మేలుకొని ఆ పని ముగించాడు. ఆ మూడవ పూత వేయలేదని కొనేవారికి తెలిసే అవకాశం లేదు. ఖర్చులకు తడుముకుంటున్న ఇంట ఆ వార్నిష్ ధర చిన్నదీ కాదు. ఈ సంఘటనను గాట్‌ఫ్రెడ్ వృద్ధాప్యం వరకు చెప్పుకున్నాడు. అత్యుత్తమమైనదానికి తక్కువ ఏదీ చాలదనే భావంతో ఒక వాక్యాన్ని చెక్కపై తన చేతులతో చెక్కి కార్ఖానా గోడకు వేలాడదీశాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్క్‌ను జర్మన్ సేనలు ఆక్రమించుకున్నాయి. 1942 మార్చిలో కార్ఖానా మరల కాలిపోయింది. ఈసారి నష్టం భవనంతో ఆగలేదు. బొమ్మల నమూనాలు, చిత్రపటాలు, నిల్వ సరకు సమస్తం నశించాయి. యాభై ఏళ్ళు దాటిన ఓలే కిర్క్ ఇక చాలునని తలపోసినా, తనను నమ్ముకొన్న పనివారిని చూచి మళ్ళీ కట్టడానికే నిశ్చయించాడు.

యుద్ధం ముగిసిన తరువాత కలప కొరత ఏర్పడింది. ప్లాస్టిక్ అనే కొత్త పదార్థం అపుడే ఐరోపా విపణిలో అడుగుపెడుతోంది. 1946లో ఓలే కిర్క్ సుమారు 30 వేల క్రోనర్లు వెచ్చించి, కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోనికి ఒత్తి పోసే ఇంగ్లండు యంత్రాన్ని కొనడానికి ఒప్పుకున్నాడు. చిన్న సంస్థకు అది మోయరాని బరువు. ఇంటివారే అడ్డుచెప్పారు. జీవితమంతా ఉలితో, బాడిసతో పనిచేసిన వడ్రంగి, యాభై అయిదేళ్ళ వయసులో కలప కాని దానిపై నమ్మకం పెట్టుకోవడం విశేషం.

యంత్రంతో పాటు ఆయన చేతికి వచ్చిన కొన్ని నమూనాలలో ఒక ప్లాస్టిక్ ఇటుక ఉంది. పైన వరుసగా బుడిపెలు, లోపల బోలు. ఒకదానిపై ఒకటి నొక్కితే నిలుస్తాయి. అది ఇంగ్లండులో కిడీక్రాఫ్ట్ అనే సంస్థ నడిపిన హిలరీ ఫిషర్ పేజ్ రూపకల్పన. ఓలే కిర్క్, గాట్‌ఫ్రెడ్ ఆ ఇటుక కొలతలలో స్వల్ప మార్పులు చేసి 1949లో డెన్మార్క్‌లో తమ పేరుతో విడుదల చేశారు. పేజ్ అనుమతి పొందలేదు. మూడవ పూత కోసం కన్నకొడుకును రాత్రంతా మేలుకొలిపిన మనిషి ఈ విషయంలో అంత పట్టింపు చూపలేదు. డెన్మార్క్‌లో ఆ ఇటుకకు చట్టపరమైన రక్షణ లేకపోవడం ఒక కారణం కావచ్చు. చట్టం వేరు, ఋణం వేరు. పేజ్ 1957లో మరణించాడు. తన ఇటుక సముద్రానికి ఆవల పొందుతున్న వృద్ధి ఆయనకు తెలియనే లేదని చెబుతారు. లెగో సంస్థ 1981లో కిడీక్రాఫ్ట్ ఇటుక హక్కులను కొని ఈ ఖాతాను ముగించింది. అప్పటికి ఆ హక్కును అనుభవించవలసినవాడు పోయి ఇరవై నాలుగేళ్ళు.

తొలి ఇటుకలకు ఆదరణ అంతంతమాత్రమే. దుకాణాలు సరకు వెనక్కి పంపేవి. 1950ల ఆరంభంలో సంస్థకు ఊపిరి పోసినది ఇటుక కాదు, ప్లాస్టిక్ ట్రాక్టరు బొమ్మ. అప్పటికే ఓలే కిర్క్ ఆరోగ్యం క్షీణిస్తున్నది. భారం క్రమంగా గాట్‌ఫ్రెడ్‌పై పడింది. 1954లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ గాట్‌ఫ్రెడ్ ఒక బొమ్మల కొనుగోలుదారుతో మాట కలిపాడు. నేటి ఆటవస్తువులలో ఒకదానికొకటి పొందిక లేదని అతడు విసుక్కున్నాడట. ఆ మాట గాట్‌ఫ్రెడ్ మనసులో నాటుకుంది. తమ సంస్థ చేసే వందలాది బొమ్మలలో పొందికకు పనికివచ్చేది ఇటుక ఒక్కటే. ఇళ్ళు, వీధులు, చెట్లు, వాహనాలు కలిసి ఒక పట్టణమయ్యేలా 1955లో కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. ఒక పెట్టె తరువాత కొన్న పెట్టె పాతదానికి చేర్పు కావాలి తప్ప దానిని మూలకు నెట్టరాదు. ప్రతి కాలంలోనూ కొత్త పెట్టెలు రావడానికి మూలం ఆనాటి ఆ ఏర్పాటే.

అయితే ఇటుకలో ఒక లోపం మిగిలి ఉంది. బోలుగా ఉండటం చేత పట్టు చాలక, పిల్లవాడు కట్టిన గోపురం ఎత్తగానే విడిపోయేది. దీనికి పరిష్కారంగా ఇటుక అడుగున గొట్టాలు అమర్చారు. కింది ఇటుక బుడిపెలు గొట్టాలకూ గోడలకూ నడుమ బిగుసుకుంటాయి. నిలిచి ఉండవలసినపుడు నిలిచి, పసి చేతులతో లాగినపుడు విడివడాలి. ఈ రెండు విరుద్ధ గుణాలు కలవడానికి అచ్చులు మిల్లీమీటరులో వందవ వంతు తేడా సైతం గమనించేటంత కచ్చితంగా ఉండాలి. 1958 జనవరి 28న గాట్‌ఫ్రెడ్ దీనికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. ఎనిమిది బుడిపెలున్న ఇటుకలు ఆరు ఉంటే వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధాలుగా కలపవచ్చునని గణితవేత్తలు తరువాత లెక్కగట్టారు. ఆ 1958 నాటి ఇటుక ఎవరి అటకపైనైనా దొరికితే, నేడు దుకాణంలో కొన్న కొత్త పెట్టెలోని ఇటుకపై అమరుతుంది.

దరఖాస్తు చేసిన ఆరు వారాలకు, 1958 మార్చి 11న, ఓలే కిర్క్ గుండెపోటుతో బిల్లుండ్‌లోనే మరణించాడు. ఇటుక ప్రపంచమంతటా వ్యాపించడం ఆయన చూడలేదు. ఆయన కాపురమున్న పల్లెకు 1964లో విమానాశ్రయం వచ్చింది. 1968లో ఇటుకలతో కట్టిన ఉద్యానవనం తెరుచుకుంది.

ఆయన పోయిన రెండేళ్ళకు, 1960లో, బిల్లుండ్‌లో మరొకసారి నిప్పు లేచింది. ఈమారు కాలినది కొయ్యబొమ్మల విభాగం. గాట్‌ఫ్రెడ్ దానిని తిరిగి కట్టించలేదు. బాతులు, బండ్లు, యోయో చక్రాలు చేసిన ఆ కార్ఖానాలో కొయ్యబొమ్మల పని అంతటితో ఆగిపోయింది.