పిఠాపురం అమ్మాయి, బరోడా గుర్రాలు

గుర్రప్పందేలు అనగానే మన ఇళ్ళల్లో అందరికీ గుర్తొచ్చేది ఒకటే సీను. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలో పెద్దింటి కొడుకు రేసులకెళ్ళి ఆస్తంతా తగలేసి, నలిగిన కోటుతో ఇంటికొస్తాడు. తల్లి ఏడుస్తుంది. మా అనంతపురంలో అయితే రేసుల మాటెత్తితే బెంగుళూరు పోయి చెడిపోయినోళ్ళ కథలే వినిపిస్తాయి. అందుకే ఇంగ్లండులో జరిగే అతి పెద్ద రేసుల చరిత్రలో ఒక తెలుగావిడ కథ కూడా కలిసి ఉందంటే నేను మొదట నమ్మలేదు. ఆమె పేరు సీతాదేవి. ఊరు పిఠాపురం.

ఆమె గురించి ఇంగ్లీషులో బోలెడంత రాశారు. దాదాపు అంతా నగల గురించే. గుర్రాల సంగతి ఒక లైనులో తేల్చేస్తారు. నాకేమో ఆ ఒక్క లైనే ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది.

సీతాదేవి 1917 మే 12న మద్రాసులో పుట్టింది. తండ్రి పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. మన క్లబ్బులో ఏదైనా పదానికి అర్థం మీద గొడవొస్తే ఆన్‌లైన్‌లో వెతికే సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది కదా, అందులో ఉన్న పేరు ఈయనదే. జయంతి రామయ్య పంతులు గారు నడిపించిన ఆ పనికి డబ్బు పెట్టింది ఈయనే. మొదటి సంపుటం 1936లో వచ్చింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యుడు, బ్రహ్మసమాజం మనిషి. కాకినాడలో కాలేజీకి, అనాథాశ్రమానికి చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల తర్వాత ప్రపంచ పత్రికల్లో వజ్రాల పేరుతో ఎక్కిందంటే, తండ్రి ఏమనుకున్నాడో ఊహించుకోవడం కూడా కష్టమే.

చిన్న వయసులోనే ఆమెకి ఉయ్యూరు జమీందారు అప్పారావు గారితో పెళ్ళయింది. 1943లో మద్రాసు గిండీ రేసుల్లో బరోడా మహారాజా ప్రతాప్‌సింగ్ గైక్వాడ్ ఆమెని చూశాడు. ఆయనకి ముప్ఫై అయిదేళ్ళు. అప్పటికే భార్య ఉంది, ఎనిమిది మంది పిల్లలు. ఈమె కూడా అప్పటికే వేరొకరి భార్య. సినిమా అయితే ఇంటర్వెల్ ఇక్కడే పడుతుంది.

ఇక్కడ లా కొంచెం తెలుసుకోవాలి. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో హిందూ పెళ్ళికి విడాకులే లేవు. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అంటే 1943లో ఒక హిందూ ఆడమనిషి నాకీ పెళ్ళి వద్దు అనుకుంటే బయటికి తలుపే లేదు. మహారాజా లాయర్లు ఒక దొడ్డిదారి కనిపెట్టారు. సీతాదేవి ఇస్లాం పుచ్చుకుంది. దాంతో పాత పెళ్ళి రద్దయింది. తర్వాత ఆర్యసమాజం పద్ధతిలో మళ్ళీ హిందువై ప్రతాప్‌సింగ్‌ని పెళ్ళి చేసుకుంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే సిస్టమ్‌లో లూప్‌హోల్ పట్టుకుని బయటపడింది. నాకు ఇది తప్పుగా అనిపించదు. తలుపు లేని ఇంట్లోంచి కిటికీలోంచి దూకినోళ్ళని ఎందుకు దూకావని అడగడం ఏం న్యాయం? కాకపోతే ఆ కిటికీ అందరికీ అందేది కాదు. దానికి మహారాజా, లాయర్లు, డబ్బు కావాలి.

మహారాజా వైపు చిక్కు వేరే. బరోడాలో ఒక భార్య ఉండగా ఇంకో పెళ్ళి చేసుకోకూడదని చట్టం ఉంది. ఆ సంస్కరణలన్నీ మొదలుపెట్టింది స్వయానా ఆయన తాత మూడవ శాయాజీరావు. హిందువులకి విడాకుల చట్టం కూడా బరోడాలో 1931లోనే వచ్చేసింది. అంబేద్కర్‌ని కొలంబియా యూనివర్సిటీకి పంపడానికి స్కాలర్‌షిప్పు ఇచ్చిన రాజు కూడా ఈ శాయాజీరావే. 1911 ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తికి ఒక్కసారి వంగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడని పెద్ద గొడవైంది. అలాంటి తాతకి మనవడు బ్రిటిష్ వాళ్ళ ముందు చెప్పిన సమాధానం ఏమిటంటే, ఆ చట్టం ప్రజలకి గానీ రాజుకి కాదు అని. బ్రిటిష్ వాళ్ళు చివరికి సరేనన్నారు. కానీ సీతాదేవిని హర్ హైనెస్ అని మాత్రం ఎప్పుడూ పిలవలేదు. 1945 మార్చిలో వీళ్ళకి కొడుకు పుడితే ముత్తాత పేరే పెట్టారు, శాయాజీరావు అని. ముద్దుగా ప్రిన్సీ.

ఇప్పుడు గుర్రాల దగ్గరికి వద్దాం.

ఇంగ్లండులో అడ్డంకులు దూకే పందేలు వేరు, చదునైన పచ్చిక మీద పరుగు ఒక్కటే ఉండే ఫ్లాట్ రేసులు వేరు. ఫ్లాట్ రేసుల్లో అయిదింటిని క్లాసిక్స్ అంటారు. 2000 గినీస్, 1000 గినీస్, ఓక్స్, డెర్బీ, సెయింట్ లెజర్. వీటిలో 1000 గినీస్, ఓక్స్ ఆడ గుర్రాలకే. అన్నింటికన్నా పాతది సెయింట్ లెజర్, 1776 నుంచి నడుస్తోంది. 2000 గినీస్ ఒక మైలు, డెర్బీ మైలున్నర, సెయింట్ లెజర్ దాదాపు మైలు ముప్పావు. ఈ అయిదూ మూడేళ్ళ గుర్రాలకి మాత్రమే. అంటే గుర్రం జీవితంలో ఒకే ఒక్క సీజను. ఎంసెట్ పోతే లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని మళ్ళీ రాసినట్టు ఇక్కడ కుదరదు. ఆ సంవత్సరం జలుబు చేసినా, కాలు బెణికినా, నేల బురదగా ఉన్నా అంతే సంగతులు. పాత రేసుల గురించి అక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ అంత ప్రేమగా చెప్పుకోవడానికి కారణం ఇదేనేమో. ఏ గుర్రమూ రెండో ఏడాది మళ్ళీ రాదు.

ప్రతాప్‌సింగ్ ఈ ఆటలోకి దిగడమే రికార్డుతో దిగాడు. 1945లో వేలంలో ఒక ఏడాది పిల్లని 28,000 గినీలు పెట్టి కొన్నాడు. అప్పటిదాకా ఏడాది గుర్రప్పిల్లకి ఎవరూ అంత పెట్టలేదు. దానికి అంత రేటు ఎందుకంటే, ఆ ఏడాదే డెర్బీ గెలిచిన డాంటే దానికి సొంత అన్న. ఒకే తల్లి, ఒకే తండ్రి. గినీ అంటే పౌను మీద ఒక షిల్లింగు. కాబట్టి 29,400 పౌన్లు. అప్పటి పౌను పదమూడు రూపాయల చిల్లర లెక్కన మూడు లక్షల తొంభై రెండు వేల రూపాయలు. ఆ పిల్లకి కూడా శాయాజీరావు అనే పేరు పెట్టారు. కొడుక్కీ అదే పేరు, గుర్రానికీ అదే పేరు. మన ఇళ్ళల్లో అయితే అమ్మమ్మలు ఊరుకునేవాళ్ళు కాదు.

అదే 1945 ఫిబ్రవరిలో తుంగభద్ర డ్యాముకి శంకుస్థాపన జరిగింది. మా జిల్లా అప్పటికి ఎన్నేళ్ళ నుంచో ఆ నీళ్ళ కోసం చూస్తోంది. బరోడాకీ అనంతపురానికీ సంబంధం లేదు, తెలుసు. కానీ ఒక గుర్రప్పిల్ల రేటు చదివినప్పుడు ఈ పీఠభూమి మీద పెరిగిన ఎవరికైనా చెయ్యి ఆటోమేటిక్‌గా కాలిక్యులేటర్ మీదికి పోతుంది. నాకూ పోయింది.

గుర్రాల్ని చూసుకోవడానికి న్యూమార్కెట్‌లో వారెన్ ప్లేస్ అనే పెద్ద ఎస్టేటు కొన్నారు. ట్రైనర్ శామ్ ఆర్మ్‌స్ట్రాంగ్. పెద్ద జాకీ లెస్టర్ పిగట్ పేరు విని ఉంటే, ఆయన తర్వాత పెళ్ళి చేసుకున్నది ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతుర్నే.

1947 సీజను మొదలైంది. 2000 గినీస్‌లో ట్యూడర్ మిన్‌స్ట్రెల్ అనే గుర్రం ఎనిమిది లెంగ్తుల తేడాతో, అంటే ఎనిమిది గుర్రాల పొడవంత ముందు గెలిచేసింది. మన శాయాజీరావు మూడోది. డెర్బీలో ఫ్రెంచి గుర్రం పెర్ల్ డైవర్ గెలిచింది. శాయాజీరావు మళ్ళీ మూడోది. అంత రేటు పెట్టి కొన్న గుర్రం రెండుసార్లు మూడో స్థానంలో వస్తే జనం ఎంత వెటకారం చేసి ఉంటారో! దాని లోపం స్పీడులో లేదు, దూరం చాలకపోవడంలో ఉంది. దూరం పెరిగే కొద్దీ బాగా పరిగెత్తే రకం. ఐర్లండ్ వెళ్ళి ఐరిష్ డెర్బీ గెలిచింది. సెప్టెంబరులో డాంకస్టర్‌లో సెయింట్ లెజర్. ఆస్ట్రేలియా జాకీ ఎడ్గార్ బ్రిట్ పైన కూర్చున్నాడు. చివరి గజం దాకా పోరాటమే. ఒక తల తేడాతో గెలిచింది.

డేటు గమనించండి. మనకి స్వాతంత్ర్యం వచ్చి ఒక్క నెల. అక్కడ చక్రవర్తికి వీపు చూపించాడని తిట్లు తిన్న రాజు పేరు, ఆ చక్రవర్తి దేశంలోని అతి పాత క్లాసిక్ రేసు బోర్డు మీద మొదటి స్థానంలో. ఇక్కడ ఆ పేరు మోసే సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసిపోవడానికి సిద్ధమవుతోంది. నాకు ఈ మొత్తం కథలో ఒళ్ళు పులకరించేది ఈ పాయింటు దగ్గరే. కానీ ఆ పులకరింతకి బిల్లు కట్టింది ఎవరు అనే ప్రశ్న వెంటనే వెనకాలే వస్తుంది.

తర్వాతి ఏడాది ఇంకో గుర్రం. ఫ్రాన్స్‌లో పుట్టినప్పుడు దాని పేరు లెరాన్. బరోడా వాళ్ళ చేతికొచ్చాక మై బాబు అయింది. తెలుగు చెవికి ఆ పేరు ఎలా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా పిల్లాణ్ణి నా బాబే అని ఎత్తుకునే పిలుపు. 1947లో రెండేళ్ళ గుర్రాల్లో అదే టాప్. 1948లో చార్లీ స్మర్క్ జాకీగా 2000 గినీస్ పరిగెత్తి, ద కాబ్లర్ అనే గుర్రాన్ని తల తేడాతో ఓడించింది. టైము కూడా ఆ రేసుకి రికార్డే. డెర్బీకి ఫేవరెట్‌గా వెళ్ళి నాలుగోదిగా వచ్చింది. దూరం దానికి ఎక్కువైంది. శాయాజీరావుకి సరిగ్గా ఉల్టా.

ఈ రోజుల్లోనే సీతాదేవి ఇంగ్లండు రేసుల్లో చీర కట్టుకుని కనిపించేది. ఎప్సమ్‌లో తన చేతికున్న 30 క్యారట్ల నీలాన్ని అదృష్టం కోసం ముట్టుకోమని పక్కవాళ్ళకి చూపించేదని చెప్తారు. రేసు రికార్డుల్లో ఓనర్ పేరు గైక్వాడ్ ఆఫ్ బరోడా అనే ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు. గిండీలో ఆ రోజు ఆయన ఆమెని కలవకపోయి ఉంటే ఈ గుర్రాల కథ ఎలా నడిచేదో గానీ, ఇంగ్లండు జనం జ్ఞాపకాల్లో మాత్రం బరోడా రంగులతో పాటు ఆమె చీర కూడా ఉండిపోయింది.

డబ్బు ఎక్కడిదంటే బరోడా ఖజానాది. 1948లో ఒక్క అమెరికా ట్రిప్పుకే కోటి డాలర్లు ఖర్చు పెట్టారని అంటారు. 1949 మేలో బరోడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. లెక్కలు తీస్తే ఖజానా నుంచి మహారాజా వడ్డీ లేని అప్పులు తీసుకున్నట్టు, పేరున్న నగలు చాలా దేశం దాటినట్టు తేలింది. ఏడు పేటల ముత్యాల హారం, స్టార్ ఆఫ్ ద సౌత్ వజ్రం, ముత్యాలతో కుట్టిన తివాచీ. 1951లో ప్రభుత్వం ప్రతాప్‌సింగ్‌ని మహారాజాగా గుర్తించడం ఆపేసి ఆయన పెద్దకొడుకు ఫతేసింగ్‌రావ్‌ని నిలబెట్టింది. ఒక మాట ఆయన వైపు కూడా చెప్పాలి. 1949లో బరోడాలో శాయాజీరావు పేరు మీద యూనివర్సిటీ పెట్టింది ఈ మనిషే.

సీతాదేవి అప్పటికే మొనాకోలో ఇల్లు పెట్టింది. 1956లో విడాకులు. ఆ తర్వాత కథ నగలు ఒక్కొక్కటే చేజారిపోవడమే. ఆమె కాలి పట్టీల పచ్చలు, వజ్రాలు హ్యారీ విన్‌స్టన్ కొని కొత్త హారం చేసి, విండ్సర్ డచెస్‌కి అమ్మాడు. డచెస్ అది వేసుకుని న్యూయార్క్‌లో ఒక పార్టీకొస్తే అందరూ మెచ్చుకుంటున్నారు. సీతాదేవి నిదానంగా, ఆ రాళ్ళు తన కాళ్ళకి కూడా బానే ఉండేవని చెప్పిందట. డచెస్ హారాన్ని తిరిగి ఇచ్చేసింది. ఇంగ్లీషులో ఈ జోకు వెయ్యిసార్లు రాసుంటారు. నాకైతే అందులో నవ్వు కంటే, అమ్ముకున్న వస్తువుని పక్కవాళ్ళ మెడలో చూసిన మనిషి కనిపిస్తుంది.

1985లో కొడుకు ప్రిన్సీ నలభై ఏళ్ళకే పోయాడు. 1989 ఫిబ్రవరి 15న ఆమె పారిస్‌లో పోయింది. ముత్యాల తివాచీ 2009లో దోహా వేలంలో యాభై అయిదు లక్షల డాలర్లకి దగ్గరగా పలికింది.

గుర్రాలు మాత్రం అలా పోలేదు. పెడిగ్రీ అంటే సీఎస్ వాళ్ళకి ఈజీ. అది ఒక బైనరీ ట్రీ. ప్రతి గుర్రానికీ పైన రెండు నోడ్లు, వాటికి పైన నాలుగు, ఎనిమిది. శాయాజీరావు కూతురు గ్లాడ్‌నెస్ 1958లో ఆస్కట్ గోల్డ్ కప్ గెలిచింది. మై బాబు కొడుకు అవర్ బాబు 1955లో తండ్రి గెలిచిన 2000 గినీసే గెలిచాడు. తర్వాత మై బాబుని అమెరికాలోని కెంటకీకి తీసుకెళ్ళారు. దాని కూతురొకటి పేరు కేరళ. ఆ కేరళకి పుట్టిన డమాస్కస్ 1967లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ రెండూ గెలిచి ఆ ఏడాది అమెరికాలో హార్స్ ఆఫ్ ద ఇయర్ అయింది. వారెన్ ప్లేస్ చేతులు మారి నోయెల్ మర్లెస్‌కి, ఆయన అల్లుడు హెన్రీ సెసిల్‌కి వెళ్ళింది. పద్నాలుగు రేసులకి పద్నాలుగూ గెలిచిన ఫ్రాంకెల్ తయారైంది ఆ లాయంలోనే. ఎవరికైనా ఓపికుంటే ఆన్‌లైన్‌లో డమాస్కస్ పెడిగ్రీ తెరిచి తల్లి వైపు రెండు మెట్లు ఎక్కి చూడండి. అక్కడ మై బాబు అని ఉంటుంది.