క్యాంపు కలెక్టర్ మన్రో

వీకెండ్‌కి టెంటు సర్దుకుని పడమటి తీరం అడవుల్లో పెద్ద పెద్ద చెట్ల కిందకి పోవడం ఇప్పుడు సరదా. థామస్ మన్రోకి అది ఉద్యోగం. 1761లో గ్లాస్గోలో పుట్టి, 1780లో సైనిక కేడెట్‌గా మద్రాసులో దిగాడు. 1799లో కంపెనీ ఆయన్ని కెనరా తీరానికి పంపింది. సముద్రం, అడవి, తెరిపివ్వని వాన. ఆ వాన ఆయనకు పడలేదు. అడిగి మరీ బదిలీ చేయించుకుని 1800లో వచ్చిందెక్కడికో తెలుసా? చినుకు కోసం మబ్బు వైపు చూసే మన అనంతపురం సీమకి!

నిజాం అప్పగించిన ఈ దత్తమండలాల్లో ఏడేళ్లున్నాడు. మొదట్లో ఇల్లూ వాకిలీ లేదు, ఊరూరా గుడారమే. పొలాలు కొలిపించాడు, రైతులతో నేరుగా మాట్లాడాడు. గ్రూప్స్ రాసేవాళ్లకి రైత్వారీ ఒక బిట్టు. ఆయన దానికి పదును పెట్టుకున్నది ఈ క్యాంపుల్లోనే. అయితే తాను కట్టిన శిస్తు రైతుకి బరువేనని ఆయనకూ తెలుసు. 1807లో నాలుగో వంతు తగ్గించమని రాస్తే పైవాళ్లు అప్పటికి ఒప్పుకోలేదు.

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1823లో మలబారు తీరంలో టేకు మీద కంపెనీ గుత్తాధిపత్యం ఎత్తేశాడు. జనానికి అది ఊరటే. కానీ ఆ తర్వాత వ్యాపారుల గొడ్డలికి అడ్డు లేకపోయింది. ఇదొక్కటే నాకు మింగుడుపడదు.

1827లో, స్వదేశం వెళ్లేముందు సీమను ఒకసారి చూద్దామని బయల్దేరి, జులై 6న పత్తికొండ క్యాంపులో కలరాతో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేశారు. అవశేషాలు తర్వాత మద్రాసుకి పోయాయి. పత్తికొండలో ఆయన గుర్తుగా చెట్లతోపు పెంచి, మెట్లబావి కట్టించారు.