చెవితో చదువుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు

దుర్గ్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లే భిలాయి పిల్లలకు దారిలో వచ్చే విజయనగరం స్టేషను తెలిసే ఉంటుంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు ఆ ఊరితోనే ముడిపడి ఉంది.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళి రోజున, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేశారు. మన కుటుంబాల్లాగే వాళ్లూ ఊరు మారారు. వెంకటస్వామి బాల్యం విశాఖపట్నంలో గడిచింది.

ఆయనకు చిన్నప్పటినుంచీ కంటిచూపు తక్కువ. అక్షరాలే సరిగా కనిపించకపోతే బడి చదువు ఎలా సాగుతుంది? అది ముందుకు వెళ్లలేదు. అన్నయ్య వెంకటకృష్ణయ్యగారికి వయొలిన్ వచ్చు. ఆయనే తమ్ముడికి తొలి గురువయ్యారు. మన సంగీతం ముఖ్యంగా విని నేర్చుకునే విద్య. గురువు వినిపించిన స్వరాన్ని శిష్యుడు పట్టుకుని వాయిస్తాడు. తప్పితే మళ్లీ వింటాడు. అలా కంటికి అందని చదువు చెవికి అందింది.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. చూపులేని గంగబాబు అనే బాలుడి కోసమే విజయరామ గజపతిరాజుగారు దాన్ని పెట్టించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరాలని వచ్చిన వెంకటస్వామిగారి వాదన విని, అధ్యాపకుడిగానే తీసుకున్నారట! 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

ఆయనది చూపు సమస్య. మరికొందరు పిల్లలకు కళ్లు బాగానే ఉంటాయి, కానీ చూసినదాన్ని అక్షరంగా గుర్తుపట్టడంలో మెదడు తడబడుతుంది. హిందీలో భ, మ. తెలుగులో ప, వ. ఇంగ్లీషులో బీ, డీ తారుమారవుతాయి. ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనమూ కాదు. పాఠం పైకి చదివి వినిపించాలి. అక్షరాన్ని పలుకుతూ ఇసుకలో వేలితో దిద్దించాలి. ఒక్కొక్క శబ్దాన్నీ దాని అక్షరంతో జతచేసి నిదానంగా నేర్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందినీ గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు.

బదిలీల మీద తిరిగే మనకు ఇందులో ఒక చిక్కుంది. పాత టీచరుకు తెలిసిన ఇబ్బంది కొత్త టీచరుకు తెలియదు. కాబట్టి టీసీతో పాటు ఆ వివరాలు రాసిన కాగితం కూడా వెంట ఉండాలి. మొదటి రోజే టీచరుకు చూపించాలి. ఇక పక్కన కూర్చున్న మనం పాఠం కాస్త పైకి చదివితే చాలు. వెంకటకృష్ణయ్యగారు తమ్ముడికి చేసింది అలాంటి సాయమే.